లేచిపోని శాంతమ్మగారు

రాజోలు బస్సు మా సెంటర్లో హారన్ కొట్టిందంటే నాకు ఇప్పటికీ శాంతమ్మ మామ్మగారి గొంతే వినిపిస్తుంది. బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, కండక్టరును చెడామడా దులిపేసి గాని మెట్టెక్కేవారు కాదు. "ఏవయ్యా, ఇలా ఎండలో పడేయడానికి మేం మనుషులమా, కొబ్బరికాయలమా?" అనేవారు. ఆమె మా పక్కింటావిడ, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, పాపం, మనిషిని చూడకుండా పెట్టేశారు. అన్నం ఉడికేదాకా ఆగలేరు, చేపలావిడ తక్కెడ పట్టేదాకా ఆగలేరు. అలాంటావిడ దగ్గర నేను ఓపిక నేర్చుకున్నానంటే మా ఆయనే నమ్మరు.

పెళ్ళై మలికిపురం వచ్చాక ఏళ్ళు గడిచినా నాకు కడుపు పండలేదు. ఉపవాస ప్రార్థనలు, స్త్రీల కూడికలు, అమలాపురం డాక్టరమ్మ రాసిన మందులు, అన్నీ అయ్యాయి. చివరికి నెల తప్పింది. మా గుడిలో, అంటే చర్చిలో, ప్రార్థన ఫలించినవాళ్ళు ఆదివారం లేచి అందరి ముందూ సాక్ష్యం చెబుతారు. నాకా, ఆనందం ఆగలేదు. ఇంట్లోవాళ్ళు ఇప్పుడే వద్దంటున్నా లేచి చెప్పేశాను. గుడంతా స్తోత్రం అంది. ఆ తరవాతి వారమే బిడ్డ దక్కకుండా పోయింది.

ఇక గుడి గుమ్మం తొక్కలేదు నేను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? పోయిన బిడ్డ గురించి గుండె తరుక్కుపోతుంటే, అందరి ముందూ చెప్పిన సాక్ష్యం అబద్ధమైపోయిందన్న సిగ్గు దానికి తోడైంది. ఏడుపు కన్నా దేవుడి మీద కోపమే ఎక్కువగా వచ్చేది.

ఒక ఆదివారం పొద్దున్న మామ్మగారు తిన్నగా మా వంటింట్లోకి వచ్చేశారు.

"చీర మార్చుకో. గంట కొట్టేసేరు."

"నేను రానండి మామ్మగారూ. ఇవ్వనివాణ్ణి ఎన్నాళ్ళని అడుగుతామండి?"

"నీ దుంపతెగ! కోపం నీ ఒక్కదానికే వచ్చిందనుకున్నావా? మీ తాతగారు ఒక్కసారి గుళ్ళో కాలు పెడితే చాలని పెళ్ళైన కాణ్ణుంచీ అడుగుతున్నాను నేను. పెట్టేరా?"

అది ఊరందరికీ తెలిసిన సంగతే. ఆమె భర్త ప్రకాశరావుగారు ఏదో పాత తగాదా వల్ల మా గుళ్ళో అడుగే పెట్టలేదు. స్కూటరు మీద ఆమెను దింపి, ఆరాధన అయ్యేదాకా ఎదురుగా టీ కొట్టు బల్ల మీద చుట్ట కాలుస్తూ పేపరు చదువుకునేవారు.

"మరి మీకు విసుగు రాదా అండి?"

"ఎందుకు రాదూ? కండక్టర్ని తిట్టినట్టే దేవుణ్ణీ తిడతాను. తిట్టి, అక్కడే కూచుంటాను. దేవుడి దగ్గర్నుంచి మాత్రం లేచిపోకూడదమ్మా!"

ఆమె మామూలుగానే అన్నారు. కానీ లేచిపోవడమంటే మనందరికీ తట్టే అర్థం ఒకటుంది కదా! నెరిసిన జుట్టు, కళ్ళజోడుతో మామ్మగారు సంచీ చంకన పెట్టుకుని ఎవరితోనో లేచిపోతున్నట్టు తోచి ఫక్కున నవ్వేశాను. ఆమెకూ తట్టింది. "ఛీ, పాడు బుర్రా!" అని నెత్తి మీద ఒక్కటి మొట్టి, తనూ పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే నేను ఏడ్చేశాను. ఆమె బోధలేమీ చెయ్యలేదు. "నీ సాక్ష్యం అబద్ధం కాదు. ఇంకా పూర్తవలేదు, అంతే" అని నా జుట్టు చిక్కు తీసి జడ వేశారు. ఆ రోజు గుడికి ఆలస్యంగా వెళ్ళి ఆమె పక్కనే చాప మీద కూచున్నాను.

ఆ తరవాత నేను ఎప్పుడు డీలా పడినా ఇట్టే కనిపెట్టేసేవారు. గోడ అవతల నించి, "ఏమ్మా, ఉన్నావా, లేచిపోయావా?" అని కేకేసేవారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు. "ఉన్నానండీ బాబూ, ఉన్నాను!" అని అరిచేదాన్ని.

పోయిన వానాకాలంలో మామ్మగారు నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆ పని కూడా తొందరగానే కానిచ్చేశారు. ఆమె పెట్టె వెంట తాతగారు మొదటిసారి గుళ్ళోకి వచ్చారు. మా గుళ్ళో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. ఎప్పుడూ లోపలికి రాని మనిషికి ఆ సంగతేం తెలుస్తుంది? నేరుగా వచ్చి ఆడవాళ్ళ మధ్య, నా పక్కన కూలబడ్డారు. సంఘపెద్ద ఒకాయన వచ్చి, "మనం అటు కూచోవాలండి" అన్నారు మెల్లగా. తాతగారు నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, మీ మామ్మ ఎక్కడ కూచునేదే?"

"ఇక్కడేనండి."

"అయితే ఇక్కడే ఉంటానండి," అన్నారు ఆ పెద్దాయనతో.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క వారం ముందు తీసుకురాలేకపోయావా ఈయన్ని, ఆవిడ కళ్ళారా చూసుకునేది కదా అని దేవుణ్ణి మనసులోనే కడిగేశాను. కడిగేసి, కళ్ళు తుడుచుకుని, అక్కడే కూచున్నాను.

తాతగారు ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నారు. ఆయన్ని అటు పంపాలని ఎవరూ చూడడం లేదు. మాకింకా పిల్లలు లేరు. పోయిన ఆదివారం సాక్ష్యాలు చెప్పేవాళ్ళను లేవమంటే లేచాను. గుడంతా నా కడుపు వైపు చూసింది. "విశేషమేమీ లేదండి. నేనింకా అడుగుతూనే ఉన్నానని చెబుదామని లేచాను" అన్నాను. నా పక్కనుంచి తాతగారొక్కరే, అవునన్నట్టు, "ఆయ్!" అన్నారు గట్టిగా. ఆమెన్ అనడం ఆయనకింకా అలవాటు కాలేదు.