చేతుల వాసన

బాగా చదివే పిల్ల ఉన్నట్టుండి జవాబులు చెప్పడం మానేస్తే మీరేం చేస్తారు? మొద్దు అని తేల్చేస్తారా, కారణం అడుగుతారా?

నిన్న ఇబ్రహీంపట్నం మార్కెట్లో పచ్చిచేపల వాసన తగలగానే నా ఐదో తరగతి గుర్తొచ్చింది. చెరువులో మా బాపు పట్టిన చేపలను పొద్దున్నే బుట్టలో సర్ది బడికి పోయేదాన్ని. మా బడిలో ఒక శిక్ష ఉండేది. జవాబు చెప్పినవాళ్లు, చెప్పలేనివాళ్ల ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి. లెక్కల్లో ఎప్పుడూ నేనే చెప్పేదాన్ని.

"సార్, గిది ముక్కు పట్టుకుంటే నాకు వాంతి అయితది!" అన్నాడొకడు.

"ఏ కొర్రమీనూ, జర దూరముండు!" అంది పక్కపిల్ల.

సార్ కూడా నవ్వాడు.

తప్పు నా చేతులదే అనుకున్నాను. నిమ్మచెక్కతో మంట పుట్టేదాకా రుద్దినా వాసన పోలేదు. జవాబు రానట్టు నిలబడితే ఎవరినీ ముట్టుకోనక్కర్లేదని తోచింది. తెలిసినా చెప్పడం మానేశాను. కొన్నాళ్లకు నిజంగానే తెలియకుండా పోయింది.

"ఎవరి దిష్టి తాకిందో" అంటూ అమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. "నీ బిడ్డకు చదువు ఒంటబడ్తలేదు, చెరువుకు తీస్కపో" అన్నాడు సార్, బాపుతో.

పదో తరగతి లెక్కల్లో తప్పాను. పెద్దయ్యాక నోరు తిరిగొచ్చింది, ఇప్పుడు సభల్లో ఎవరితోనైనా వాదిస్తాను. పోయిన లెక్కలు మాత్రం రాలేదు, ఇక రావు. వాటిని తినేసింది దిష్టి కాదు, తరగతి నవ్వు.

పంతుళ్లారా, పిల్లల చేత పిల్లలను కొట్టించడం ఈరోజే ఆపండి. ఎగతాళి వినబడితే పాఠం ఆపి, ముందు దాని సంగతి తేల్చండి.