హెడ్‌రెస్ట్ మీద నిఘా

సోమవారం ఉదయం ఆరు పదికి ఉప్పాడలో రిపోర్టు చేశాను. ఆకాశం మబ్బు. సముద్రం మీంచి మీసం తడిపే గాలి. కిట్టు: తువ్వాళ్లు రెండు, ఫ్లాస్కు ఒకటి, సుద్దముక్క ఒకటి. పదిహేడేళ్లు సైన్యంలో బళ్లు నడిపినవాణ్ణి. ఇక్కడ నా చేతికిచ్చింది ఒక తెల్ల కారు. యజమాని ఐసు ఫ్యాక్టరీ ఆసామి. కుడికంటికి ఆపరేషనైంది. వారానికి రెండుసార్లు రాజమండ్రి కంటాసుపత్రిలో చూపించుకోవాలి. తను నడపకూడదు. ఆర్డరు: మూడు వారాలు. మకాం ఫ్యాక్టరీ వెనక గది. సాయంత్రం తాళం వరండా మేకుకి తగిలించాలి.

శత్రువు మొదటి రోజే తగిలాడు. హెడ్‌రెస్ట్. సామర్లకోట దాటేసరికి నా గడ్డం ఛాతీకి ఆనింది. వెనక నుంచి ఎవరో మెడ మీద చెయ్యేసి వంచుతున్నట్టుంది. నాకు హెడ్‌రెస్ట్‌లతో పాత వైరం ఉంది. కొండల్లో ఒక శీతాకాలం నా టోపీ హెడ్‌రెస్ట్‌కి గడ్డకట్టుకుపోతే, నన్ను సీటుతో సహా కిందకి దింపారు. ఆ పూట మెస్సులో సీటుతోనే భోంచేశాను. నమ్మకపోతే మీ ఇష్టం.

ఆసుపత్రి ఆవరణలో ఆయన లోపలికి వెళ్లగానే పని మొదలుపెట్టాను. గంట పట్టింది. తప్పు హెడ్‌రెస్ట్‌ది కాదు. ఎవరో సీటు వీపుని గోడలా నిలబెట్టారు. రెండు మెట్లు వెనక్కి వాల్చాను. చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైన ఆనేలా, క్లచ్చి పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు జరిపాను. హెడ్‌రెస్ట్ నడినెత్తి ఎత్తుకి లేపాను. తలకీ దానికీ రెండు వేళ్ల సందు. తిరుగు ప్రయాణంలో మెడ మాట్లాడలేదు. సీటు కింద పట్టాల మీద సుద్దతో గుర్తు గీసి తాళం అప్పగించాను.

మంగళవారం ఆరున్నర. సీటు నాలుగు మెట్లు ముందుకొచ్చి ఉంది. వీపు మళ్లీ గోడ. హెడ్‌రెస్ట్ ఊడిపోయి, రెండు కాళ్లూ పైకెత్తి వెనక సీట్లో పడుకుని ఉంది. అద్దం మీద ఉప్పు చారలు.

గేటు దగ్గర కాపలా తాతని నిలదీశాను.

"బండి ఎవరు ముట్టుకున్నారు తాతా?"

"ఆయ్, నాకేం తెల్దండి. పిల్లేమో."

"పిల్లి హెడ్‌రెస్ట్ పీకుద్దా?"

"ఉప్పాడ పిల్లులండి. చేపలు తిని బలిసున్నాయి."

నా అనుమానం తాత మీదే. పొట్టి మనిషి. ఒకప్పుడు లారీలు నడిపాడు. కానీ బుధవారం హెడ్‌రెస్ట్ మీద ఒక సన్నజాజి దొరికింది. తాతది గుండు. నిఘా మొదటికొచ్చింది.

గురువారం రాజమండ్రి దారిలో ఆసామి నోరు విప్పాడు.

"మిలట్రీ, మీటరు పద్దెనిమిది కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది. నా కన్ను పోయిందనుకున్నావేమో, ముక్కు పోలేదు. బండి నిండా సన్నజాజుల వాసన. ఎవర్ని ఎక్కించుకు తిరుగుతున్నావు?"

"నేను కాదండి."

"శనివారంలోగా ఎవరో చెప్పు. లేదంటే తాళం మేకుకి తగిలించి నడు. ఎందుకు పంపేశానో మీ ఊళ్లో నేనే చెప్తాను."

పదిహేడేళ్ల సర్వీసులో నా పేరు మీద మరక లేదు. ఒకటుంది గానీ, అది కోడి విషయం. దాని సంగతి వేరు.

శుక్రవారం తెల్లవారుజాము నాలుగూ యాభై. వెనక తలుపు ముందురోజే లాకు వెయ్యకుండా వదిలాను. ముందు సీట్ల వెనక, నేల మీద, దుప్పటి కప్పుకుని పొజిషన్ తీసుకున్నాను. ఐదుంపావుకి ముందు తలుపులు రెండూ తెరుచుకున్నాయి. సీటు నాలుగుసార్లు టక్కుమంది. తర్వాత హెడ్‌రెస్ట్ గాల్లో వచ్చి నా కణత మీద దిగింది. ట్రైనింగ్ వల్ల కిక్కురుమనలేదు.

బండి కదిలింది. ఎడం పక్క అలల హోరు. బీచి రోడ్డు. అద్దం మీద నీటి జల్లు. బండి ఎగిరిపడి ఆగిపోయింది.

"అమ్మగారూ, క్లచ్చి ఒక్కసారే ఒదిలేత్తే ఎలాగండి? గోరింటాకు పెట్టిన చెయ్యి తీసినట్టు మెల్లిగా తియ్యండి!" తాత గొంతు.

"ఊరుకో తాతా. నా కంగారులో నేనుంటే గోరింటాకంటావేంటి?"

ఆసామి భార్య. దుప్పటి తీసి, హెడ్‌రెస్ట్ చేత్తో పట్టుకుని లేచాను.

"ఇదెందుకు పీకారండి?"

తాత "ఓరి నాయనో" అని తలుపు తియ్యబోయాడు. ఆవిడ బెదరలేదు. వెనక్కి తిరిగింది. బొండాం అంత ముడి, దాని చుట్టూ సన్నజాజులు.

"ఇంత ముడి ఎక్కడ పెట్టుకోనండి? అది తలని ముందుకి తోసేత్తంది. బోనెట్టు తప్ప రోడ్డు కనపట్టంలేదు."

"ఆయనకి తెలుసా?"

"అడిగితే వద్దంటారు. అందుకే అడగలేదు. రెండో కంటికి కూడా ఆపరేషనుందండి. అప్పటికి మీరుండరు. నేర్చుకోడానికి ఎల్లెల్లార్ లైసెన్సు తెచ్చుకుని కందిపప్పు డబ్బాలో దాచాను."

"రేపు నా పేరు పోతుందండి, అమ్మగారూ."

ఆవిడ హ్యాండ్ బ్రేకు లాగి కిందకి దిగింది. "ముందు నన్ను సరిగ్గా కూచోబెట్టండి," అంది.

వీపు రెండు మెట్లు వాల్చాను. సీటు ఎత్తు పెంచాను. వెనక నుంచి బండి గుద్దితే మెడని కాపాడేది ఆ హెడ్‌రెస్టేనని చెప్పాను. ఆవిడ ముప్పయ్యేళ్లుగా వేసుకుంటున్న ముడి విప్పి, జడ అల్లి, భుజం మీంచి ముందుకి వేసుకుంది. హెడ్‌రెస్ట్ దాని చోట కూచుంది. బండి తిన్నగా ఇంటి వరండా ముందుకి తీసుకెళ్లి ఆపింది. మెట్ల మీద ఆసామి, కంటికి పచ్చగుడ్డతో.

"తిరిగింది ఈయన కాదండి. నేనే."

ఆసామి ఒంటికంటితో బండి వైపు కాదు, ఆవిడ వైపు చూశాడు.

"ఈ వయసులో జడేంటి?" అన్నాడు. తర్వాత, "నేర్చుకుంటే నేర్చుకో. నేను మాత్రం ఎక్కను."

నా పేరు దక్కింది. మిగతా రెండు వారాలు ఆవిడ నా దగ్గర నేర్చుకుంది. ఆయన రోజూ మీటరు చూశాడు, టైర్లు తడిమి చూశాడు. ఆవిడ నడిపితే మాత్రం ఎక్కలేదు.

ఆఖరి ట్రిప్పు గురువారం. ఆవిడా వచ్చింది. తిరుగులో సాయంత్రం నాలుగింటికి పిఠాపురంలో బండి ఆపి దిగాను.

"ఎక్కడికి? ఉప్పాడ ఇంకా ఉంది కదయ్యా!"

"మా ఊరు ఇదేనండి. అమ్మగారున్నారు. పక్కన లైసెన్సున్న మనిషి కూచోవాలి. మీకుంది."

ఆయన బస్టాపు వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను కావాలనే చేశానని కనిపెట్టాడు. దిగొచ్చి ముందు ఎడం సీట్లోకి మారాడు. ఆవిడ స్టీరింగు ముందుకొచ్చి, సీటు నాలుగు మెట్లు ముందుకి జరుపుకుంది. జడ ముందుకి వేసుకుంది. క్లచ్చి గోరింటాకు చెయ్యిలా వదిలింది.

రోడ్డు పక్కన కిట్టు భుజాన వేసుకుని నిలబడ్డాను. వెనక అద్దంలోంచి కనిపించింది. ఆసామి కుడిచెయ్యి మెల్లిగా లేచి, ఆవిడ తల వెనక హెడ్‌రెస్ట్‌ని తడిమి, అక్కడే ఉండిపోయింది. ఉందో లేదో చూసుకున్నాడా, భయంతో పట్టుకున్నాడా? మలుపు తిరిగేదాకా చూశాను. ఆ చెయ్యి తియ్యలేదు.