చీర మీద చొక్కా

మా వైపు ఊడ్పులకు దిగే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటారు. మొగుడిదో, కొడుకుదో, ఇంట్లో ఇక ఎవరూ వేసుకోని పాత చొక్కా. ఎండకీ, చేతులు కోసే వరి ఆకుకీ అదే అడ్డం. చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఫ్యాషన్ డిజైనింగ్ చదివి, తాడేపల్లిగూడెంలో జాకెట్ల షాపు పెట్టుకున్నాక గానీ అందులో ఉన్న అందం నాకు కనబడలేదు.

ఆ చొక్కాల తీరులో డిజైన్లు గీసి, దేశం మొత్తానికీ ఉన్న ఫ్యాషన్ డిజైనర్ల సంఘానికి పంపాను. వాళ్లు ఏటా ఢిల్లీలో జరిపే పెద్ద షోలో కొత్తవాళ్లకని కొంత చోటు ఉంచుతారు. ఎంపికైతే ర్యాంపుకీ, లైట్లకీ, మోడళ్లకీ మనం పైసా పెట్టక్కర్లేదు. బట్టలు కొనే పెద్ద షాపులవాళ్లను వాళ్లే పిలిచి ముందు వరసలో కూర్చోబెడతారు. దారి చూపించడానికి ఒక సీనియర్ డిజైనర్‌ను కూడా అప్పగిస్తారు. కాకపోతే షోకి ముందు ట్రయల్ ఉంటుంది. అందులో తేలిపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. నేను ఎంపికయ్యాను. అవుతాననే అనుకున్నాను కూడా. వినయం నాకు మొదటి నుంచీ కాస్త తక్కువే.

మోడళ్ల కొలతలు మెయిల్లో వచ్చాయి. ఏలూరు నుంచి రోజూ రైల్లో వచ్చే మా కటింగ్ మాస్టారికి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసి, చదివి, పక్కన పెట్టేశారు.

"అంకెలు బానే ఉన్నాయండి. ఆది ఏదండి?"

మా దగ్గర జాకెట్టు కుట్టించుకునేవాళ్లు టేపుకి ఒళ్లప్పగించరు. ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి బల్ల మీద పెడతారు. అదే ఆది. అది లేకుండా మాస్టారు కత్తెర ముట్టుకోరు. ఎప్పుడూ విసుక్కునేదాన్ని గానీ, ఈసారి ఆయన మాట నాకూ నచ్చింది. నాకు కావలసిన వదులు మోడళ్ల కొలతల్లో ఎక్కడుంటుంది? ఊళ్లో మొగుళ్ల చొక్కాల్లో ఉంటుంది.

కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో ఊడ్పుల ముఠాకి మేస్త్రిగా ఉన్న పిన్ని మా షాపుకి పాత ఖాతాదారు. నాకు చుట్టరికం ఏమీ లేదు, పిలుపు అంతే. ముఠావాళ్ల చొక్కాలు ఆదికి కావాలని, ఢిల్లీ షోకని ఫోన్లో చెప్పాను.

"దానికేముందండీ అమ్మాయిగారూ, పంపిస్తాను," అంది.

నా మనసులో ఉన్నవి భుజాల దగ్గర వెలిసిపోయిన చొక్కాలు. ఎన్ని ఉతుకులకీ వదలని బురద చార, ఒకదానికొకటి పోలని బొత్తాలు. ఆ బురద మరకను గుడ్డ మీద అచ్చు వేయించి సిద్ధంగా పెట్టుకున్నాను కూడా. బస్సులో వచ్చిన మూట విప్పితే అన్నీ ఇస్త్రీ మడతలే. పెళ్లిళ్లకి వేసుకునే చొక్కాలు, కలరా ఉండల వాసన. ఒకదాని కాలర్‌లో అట్టముక్క ఇంకా అలాగే ఉంది. మాస్టారు నవ్వారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. మూట చంకన పెట్టుకుని ఆ పూటే బస్సెక్కాను.

"నేనడిగింది పొలం చొక్కాలు కదా పిన్నీ."

"పొలం చొక్కా ఎవరన్నా ఆదికిస్తారాండీ? జాకెట్టు కుట్టమని మీ దగ్గరికొచ్చేటప్పుడు చిరుగులది తెస్తామా?"

"నాకు ఆ మరకలే కావాలి."

ఆవిడ చేస్తున్న పని ఆపి నా వంక చూసింది.

"గట్టెక్కగానే కాలవలో ఝాడించుకుని మరీ ఇంటికొస్తామండి. ఊరుకాని ఊళ్లో నలుగురూ చూడ్డానికి ఆ మరకే పంపమంటారా? నేను పంపనండి."

మూట మళ్లీ నాతోనే వెనక్కొచ్చింది. తిరుగు బస్సులో కోపం సగం దిగింది, భయం పట్టుకుంది. ట్రయల్ దగ్గర పడుతోంది, కుట్టి సిద్ధమైన చొక్కా ఒక్కటీ లేదు. శనివారం వీడియో కాల్‌లో సీనియర్ డిజైనర్ గారికి జరిగిందంతా చెప్పి, నా బురద గుడ్డ చూపించాను. జాలి పడుతుందనుకున్నాను. ఆవిడ ఒకటే అడిగింది. ఆ మరక తీసేస్తే నీ డిజైన్‌లో ఏం మిగులుతుంది? ఏమీ మిగలకపోతే ట్రయల్లో నేనే వద్దంటాను, అంది. రెండు రోజులు ఆవిణ్ణి మనసారా తిట్టుకున్నాను. దారి చూపించమని అప్పగిస్తే దారికడ్డంగా కూర్చుందనిపించింది.

ఆ వారంలోనే పిన్ని షాపుకొచ్చింది. ఎవరిదో పెళ్లి ఉందట, మొగుడి చొక్కా వెనక్కి కావాలట. ఇచ్చేముందు, పొలంలో ఎలా వేసుకుంటారో ఒకసారి వేసి చూపించమన్నాను. "ఇందులో చూసేదేముందండీ," అంటూనే అద్దం ముందు నిలబడింది. ముందు కొంగు నడుం చుట్టూ తిప్పి దోపింది. చొక్కా తొడుక్కుని మెడ దాకా బొత్తాలు పెట్టేసింది. చేతులు వేళ్ల కణుపుల దాకా లాక్కుంది. ముందు అంచులు రెండూ పొట్ట మీద ముడేసి, వెనక భాగం అలాగే వదిలేసింది.

"వెనకాల ఎందుకు వదిలేశారు పిన్నీ?"

"రోజంతా వంగుని ఉండాలి కదండీ. నడుం కనబడదూ?"

పెళ్లి చొక్కా. మరక కాదు కదా, ముడత కూడా లేదు. అయినా ఆవిడ ఆ క్షణాన ఊడ్పులకి దిగడానికి సిద్ధంగా ఉన్న మనిషే. ఇన్నాళ్లూ బురదని చూసి మనిషిని చూశాననుకున్నాను. మాస్టారు అప్పటికే సుద్ద అందుకున్నారు. నా బురద గుడ్డ బల్ల కిందికి పోయింది. ముందు పొట్టి, వెనక పొడుగు, కణుపుల దాకా చేతులు, మెడ మూసిన కాలర్. నారుమడి పచ్చలో, వెన్నెల తెలుపులో మంగళగిరి నూలుతో కుట్టాం. ట్రయల్లో సీనియర్ గారు ఒక్క కుట్టు కూడా మార్చమనలేదు.

షోకి నాతో పాటు ఒక సహాయకురాలికి కూడా సంఘంవాళ్లే టికెట్టు ఇచ్చారు. నేను పిన్నిని తీసుకెళ్లాను. తెర వెనక, మోడళ్లు కాలర్ బొత్తం వదిలేసుకుంటే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి తనే పెట్టింది. "మెడ కాలిపోద్దమ్మా," అని తెలుగులోనే చెప్పింది. అక్కడ ఎండెక్కడిది? ఏసీకి పళ్లు టకటకలాడుతున్నాయి. సీనియర్ గారు నవ్వి, ఆవిడ చెప్పినట్టే ఉంచమన్నారు.

కాసేపటికి పిన్ని వణుకుతూ సంచీ విప్పి, రైల్లో కప్పుకోవడానికి తెచ్చుకున్న చొక్కా తీసి పట్టుచీర మీద వేసుకుంది. భుజాలు వెలిసిపోయి, చేతుల అంచున చార. ఏ చొక్కా కోసం బస్సెక్కి దెబ్బలాటకి వెళ్లానో అదే.

చివర్లో డిజైనర్ ర్యాంపు మీదికి వెళ్లి దండం పెట్టడం ఆనవాయితీ. పిన్నిని కూడా తీసుకెళ్లమని సీనియర్ గారు చెప్పారు.

"పిన్నీ, మనమిద్దరం బయటికెళ్లాలి. అక్కడ బోలెడుమంది ఉంటారు. ఆ చొక్కా ఇలా ఇవ్వండి, నేను దాచిపెడతాను."

ఆవిడ చొక్కా వంక చూసుకుంది. అదే తీరు చొక్కాల్లో వరసగా నిలబడిన ఆ మోడల్ పిల్లల వంక చూసింది. మెడ దగ్గర బొత్తం పెట్టుకుంది.

"చలేస్తోందండి. ఉండనివ్వండి, పదండి."