టమాటా తెగని కొత్త కత్తులతో బాలానగర్ దాకా

కొత్తగా కొన్న కత్తులకు సాన పట్టించడానికి కొండాపూర్ నుంచి బాలానగర్ వెళ్లేవాళ్లుంటారని నెల కిందట ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. మొన్న శనివారం మూడు కొత్త కత్తులు, అరకిలో టమాటాలు పట్టుకుని, మా సుశీలక్కను వెంటబెట్టుకుని నేనే వెళ్లాను. అక్క కొండాపూర్‌లో తన ఇంటి ముందుగదిలో కూరగాయలు తరిగి, ప్యాకెట్లు కట్టి, చుట్టుపక్కల అపార్టుమెంట్లలోని ఉద్యోగస్తుల ఇళ్లకు పంపిస్తుంది. ఆరేళ్లుగా అదే ఆమె పని, అదే ఆమె ధైర్యం. ఈ ఏడాది కుడి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి వేళ్లు మొద్దుబారితే ఆపరేషన్ చేయించాం. నాలుగు నెలల విశ్రాంతి తర్వాత చెయ్యి బాగుంది, పని మొదలుపెట్టుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. ఆ సంతోషంలో నేనొక ఘనకార్యం చేశాను. ఆవిడవి తుప్పు పట్టిన పాత కత్తులన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేసి, మాల్‌లో తళతళలాడుతున్న ఫ్యాక్టరీ కత్తులు మూడు కొని బహుమతిగా పట్టుకెళ్లాను.

సోమవారం పొద్దున అక్క కొత్త కత్తి అంచు మీద బొటనవేలు అడ్డంగా రాసి చూసి, పదును బాగుందంది. మా ఊరు భీమవరంలో కత్తిపీట కొన్నా, కొడవలి కొన్నా మా ఇంట్లో పరీక్ష అదొక్కటే. నేను వీడియోల్లో చూసినట్టు కాగితం కోసి చూపించాను, సర్రున తెగింది. మొదటి రెండు కిలోల ఉల్లిపాయలు బాగానే తెగాయి. టమాటాల దగ్గరికి వచ్చేసరికి కత్తి తోలు మీద జారడం మొదలుపెట్టింది, గట్టిగా నొక్కితే కాయ చితికిపోయింది. మిగతా రెండు కత్తులదీ అదే వరసని సాయంత్రం నాతో అంది. బుధవారానికల్లా బీన్స్ కూడా తెగకుండా నారలు తేలుతున్నాయి. అక్క మళ్లీ బొటనవేలు రాసి చూసింది, వేలికి చురుగ్గానే తగిలింది. కత్తి బాగుంటే ఇక తప్పు చేతిదేగా. శుక్రవారం మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది. "నా చెయ్యి ఇక పనికిరాదురా తమ్ముడూ. ఆదివారం ఆర్డర్ల గ్రూపులో మెసేజ్ పెట్టేసి మానేస్తాను" అంది. ఏడుస్తూ చెప్పినా బాగుండేది. కరెంటు బిల్లు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది, నాకు అందుకే భయమేసింది.

మా ఆఫీసు హైటెక్ సిటీలో. నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్ని. పక్క సీట్లో కూర్చునే మిత్రుడొకడు, బాలానగర్‌లో ఫ్యాక్టరీల కట్టింగ్ బ్లేడ్లకు సాన పట్టే యాదగిరి అనే ఆయన ఉన్నాడని చెప్పి అడ్రసు పంపాడు. ఇంకాస్త పదును పెట్టిస్తే బలం తగ్గిన చేతికి కూడా తెగుతాయేమోనని నా ఆశ. అక్క రానంది. కత్తిపిడి లావు చేయించాలంటే నీ చేతి కొలత కావాలని అబద్ధమాడి బయల్దేరదీశాను.

తొమ్మిదిన్నరకు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ చేరుకున్నాం. అమీర్‌పేటలో రైలు మారితే బాలానగర్ స్టేషన్‌లో దిగొచ్చు, ఇద్దరికీ కలిపి నూరూ నూటపాతికలో అయిపోతుందని లెక్క వేసుకున్నాను. నా బుర్రకు తట్టని సంగతి స్కానింగ్ మిషన్‌కు తట్టింది. బ్యాగు అందులోంచి బయటికొచ్చేసరికి సెక్యూరిటీ అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, కత్తులెందుకని అడిగింది. సాన పట్టించడానికన్నాను. మరి టమాటాలెందుకంది. కోసి చూడటానికన్నాను. కొత్త కత్తులకు సానేమిటన్నట్టు నన్నూ అక్కనూ మార్చి మార్చి చూసి, ఎందుకైనా సరే లోపలికి పోనివ్వనని మర్యాదగానే చెప్పింది. వారం రోజుల తర్వాత అక్క ముఖంలో నవ్వు కనిపించింది అక్కడే, అదీ నా తెలివితేటలు చూసి.

కిందికి దిగి ఆటో మాట్లాడాను. మూడు వందల ఇరవై అడిగిన డ్రైవరు మా కథ విని, వెనక సీట్లో మూడు కత్తులు పెట్టుకున్న మనిషితో ఎక్కువ బేరం ఆడలేనంటూ రెండు వందల ఎనభైకి ఒప్పుకున్నాడు. కైత్లాపూర్ బ్రిడ్జి ఎక్కి, మూసాపేట మీదుగా బాలానగర్ చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. అద్దాల మేడలు వెనకబడి రేకుల షెడ్లు మొదలయ్యాయి, గాలిలో కాలిన ఇనుము వాసన. దారి పొడుగునా అక్క కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

యాదగిరికి యాభై ఏళ్లుంటాయి. ముంజేతులు చూస్తే ఇనుప కడ్డీనైనా వంచేలా ఉన్నాడు. అక్క తన ఆపరేషన్ సంగతి, చేతిలో బలం పోయిన సంగతి చెబుతుంటే అడ్డుపడకుండా విన్నాడు. తర్వాత ఒక కత్తి అందుకుని, అంచు పైకి వచ్చేలా వెలుగుకు పట్టి చూశాడు. పదునైన అంచు మీద వెలుగు నిలవదట, మెరుపు కనిపించిన చోట పదును లేనట్టట. మా కత్తి మీద అంచు పొడుగునా సన్నటి తెల్లగీత మెరిసింది. మిషన్లు తుడిచే కాటన్ వేస్ట్‌లోంచి చిటికెడు పోగులు లాగి, అంచు వెంట మెల్లగా జరిపాడు. నాలుగైదు చోట్ల పోగులు చిక్కుకుని అక్కడే ఉండిపోయాయి. చివరికి నా సంచిలోంచి ఒక టమాటా తీసి బల్ల మీద పెట్టి కోశాడు. కత్తి జారింది. ఇంకాస్త నొక్కాడు. టమాటా చితికి రసం ఆయన చొక్కా మీద చిందింది.

"నా చెయ్యికే తెగుతలేదక్కా. నీ చెయ్యికి ఏమైందని పరేషాన్ అయితున్నవ్?" అన్నాడు.

"ఇంకోటి కోసి చూపించండి బాబూ" అంది అక్క. ఆయన ఇంకోటి చితక్కొట్టాడు. రెండో కత్తితో కూడా కోయమంది, మూడోదానితోనూ కోయమంది. చితికిన టమాటాలు చూసి అంత ఆనందపడిన మనిషిని నేనెక్కడా చూడలేదు. నాలుగోది చితికేసరికి చున్నీతో కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

మరి బొటనవేలికి పదును ఎలా తగిలిందని నేనడిగాను. యాదగిరి నా వేలు పట్టుకుని, కత్తి వెన్ను వైపు నుంచి అంచు వైపుకు ముందు ఒక పక్కన, తర్వాత రెండో పక్కన రాయించాడు. ఒక పక్క నున్నగా జారిపోయింది, రెండో పక్క గరుకుగా పట్టుకుంది. "మిషన్ల సాన వట్టినప్పుడు అంచుకు సన్నగ పొర లేస్తది. దాన్ని తీసెయ్యాలె, వీళ్లు తియ్యలే. కొత్తల కాగితం కోస్తది, జర పని వడంగనే ఒంగిపోతది. నీ ఏలికి తగిలేది గదే, పదును గాదు" అని వివరించాడు. సన్నరాయి మీద రెండు పక్కలా తేలిగ్గా నాలుగైదు సార్లు తిప్పి, తోలుపట్టీ మీద రుద్దాడు. కత్తికి పది నిమిషాలు, యాభై రూపాయలు. ఈసారి కాటన్ పోగులు ఎక్కడా చిక్కుకోలేదు.

కత్తి అక్క చేతికిచ్చి, నొక్కకుండా టమాటా మీద ఆనించి ఊరికే వెనక్కి లాగమన్నాడు. అక్క లాగింది. అవతలి వెలుగు కనిపించేంత పల్చటి బిళ్ల బల్ల మీద వాలింది. "దేవునికి స్తోత్రం" అని గొణిగి, మిగిలిన టమాటాలన్నీ వరసగా తరిగేసింది. చాలక్కా అన్నా వినలేదు. ఆ ముక్కలకు ఉప్పూ కారం చల్లి, షెడ్డులోవాళ్లతో కలిసి అందరం తిన్నాం. పన్నెండున్నరకు మళ్లీ ఆటో ఎక్కాం, ఈసారి మూడు వందలు. బేరమాడే ఓపిక నాకు లేదు, అవసరమూ అనిపించలేదు.

అక్క సోమవారం నుంచి ఆర్డర్లు తీసుకుంటోంది. ఆవిడకు ఇంకా చెప్పని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను, చదివి తిడితే పడతాను. ఏది తప్పో తేల్చాలంటే ఒక్కొక్కటీ మార్చి చూడాలని ఆఫీసులో కొత్తవాళ్లకు చెప్పేది నేనే. ఆ కత్తితో ఒక్క టమాటా నేను కోసి చూసినా సంగతి మొదటి రోజే తేలిపోయేది. నేను కోయలేదు, మరిచిపోయీ కాదు. నా చేతికి చక్కగా తెగితే, అక్క చెయ్యి నిజంగా పోయినట్టేనని భయపడ్డాను. ఆ భయంతోనే ఆవిడను వారం రోజులు తన చేతిని తానే తిట్టుకోనిచ్చాను. మీరు కొత్త కత్తి కొన్నప్పుడు వేలితో రెండు పక్కలా చూడండి, దూది పోగుతోనూ చూడండి. అయినా తెగడం లేదని ఇంట్లో ఎవరైనా దిగులుపడుతుంటే, ఆ కత్తి అడిగి తీసుకుని అదే టమాటా మీరొకసారి కోసి చూడండి.