కర్త లేని వాక్యం

ప్రొఫె ఒకారిస్‌కి కర్త లేని వాక్యం వినబడితే ఒళ్లు మండిపోయేది. అది ఎవరి నోటి నుంచి వచ్చినా సరే, విద్యార్థి గానీ, బస్సు డ్రైవరు గానీ, రేడియోలో వార్తలు చదివే మనిషి గానీ, ఆయనకు ఒకటే, పని చేసిన మనిషి పేరుండాలి. ముందు చెవులు ఎర్రబడేవి, తర్వాత ముక్కు, ఆ తర్వాత గొంతు లేచేది. "ఎవరు? పేరు చెప్పు!"

పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో అంతర్జాతీయ అధ్యయనాల డిగ్రీలో చేరిన మొదటి వారమే మాకు ఆ గొంతు పరిచయమైంది. ప్రొఫెసర్లని మా దగ్గర ప్రొఫె అనే పిలుస్తాం. అతిలియో అని మా క్లాసులో బుద్ధిమంతుడొకడుండేవాడు. వాడు లేచి తన వ్యాసం చదివాడు. చివరి వాక్యం మహా గంభీరంగా ఉంది: "ఈ విషయంలో అంతర్జాతీయ సమాజం వెంటనే స్పందించాలి."

ప్రొఫె తాగుతున్న తెరెరే, మా చల్లటి ఆకుల టీ, పక్కన పెట్టారు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరీయన?"

"ఎవరు, ప్రొఫె?"

"అదే, అంతర్జాతీయ సమాజం గారు. ఏ వీధిలో ఉంటారు? నంబరు చెప్పు, ఇప్పుడే ఫోన్ చేసి స్పందించమందాం." నిజంగానే జేబులోంచి ఫోన్ తీశారు.

"ఆయన మనిషి కాదు ప్రొఫె..."

"మనిషి కాకపోతే ఎలా స్పందిస్తాడురా? ఈ బల్ల స్పందిస్తుందా? ఏ ఊళ్లో, ఏ ఆఫీసులో, ఏ కుర్చీలో కూర్చున్న మనిషి ఏ కాగితం మీద సంతకం పెట్టాలో రాయి. పేరు తెలిస్తే వెళ్లి తలుపు కొట్టొచ్చు. సమాజానికి తలుపెక్కడుంది?"

ఆ రోజు నుంచి ఆయన క్లాసులో నోరు తెరవాలంటే ముందు పేర్లు వెతుక్కోవాలి. 'యుద్ధం వచ్చింది' అనడానికి వీల్లేదు. "వర్షమా, రావడానికి? ఎవరు పంపారు?" అనేవారు. మా దేశం ఓడిన యుద్ధాల గురించి మాట్లాడేటప్పుడైతే గది అద్దాలు కదిలేవి. 'సరిహద్దు మారింది' అని రాసినందుకు నా కాగితం మీద ఎర్ర సిరాతో ఇంత పెద్ద అక్షరాలు: "కాళ్లున్నాయా దానికి?" ఒప్పందం గురించి అడిగితే సంతకం పెట్టిన మంత్రుల పేర్లు చెప్పినా తృప్తి లేదు. ముద్ర వేసిన గుమాస్తా పేరు కూడా కావాలి.

వీధిలోనూ ఇదే బాధ. "బస్సు లేటయింది" అన్న పాపానికి డ్రైవరును నాలుగు స్టాపుల పొడుగునా కడిగేశారు. "బస్సు తనంతట తానే లేటవుతుందా? నేను కూర్చుని కబుర్లు చెప్పానని ఒప్పుకో నాయనా, ఏం పోయింది?" ఆయన్ని ఎదుర్కోగలిగింది మా గేటు ముందు చీపాలు, అంటే జున్ను రొట్టెలు, అమ్మే ఆవిడ ఒక్కతే. ఒకరోజు "అయిపోయాయి" అంది. "ఎవరు తిన్నారు?" అన్నారు ఈయన. ఆవిడ బుట్ట నడుముకి ఆనించుకుని పదిహేడు పేర్లు గడగడా అప్పజెప్పింది. ప్రొఫె టోపీ తీసి ఆవిడకి నమస్కారం పెట్టారు. "మా క్లాసులో ఇలాంటి విద్యార్థి ఒక్కరుంటేనా..." అని ఆ రోజంతా మమ్మల్ని తిట్టారు.

సెలవులకి మా ఊరు పిలార్ వెళ్తే మా దెయోలిందా పిన్ని ఏటా ఒకే ప్రశ్న వేసేది. నన్ను పెంచింది పిన్నే. మూడు కుట్టుమిషన్లతో చిన్న దుకాణం నడిపేది.

"ఈ చదువుతో చివరికి ఏమవుతావే సునిల్దా? విమానం టిక్కెట్లు అమ్ముతావా?"

"కాదు పిన్నీ, దేశాల మధ్య వ్యవహారాలు."

"మన పక్కింటి వాళ్ల గోడ వ్యవహారమే తేలలేదు, దేశాలట."

మూడో ఏడాది నది పొంగింది. పిలార్ రోడ్డు మునిగిపోయింది. కబురు అందగానే నేను దొరికిన లారీ ఎక్కి, తర్వాత పడవ ఎక్కి ఇల్లు చేరాను. మూడు వారాలు పిన్నీ నేనూ మిషన్లను అటక మీద పెట్టుకుని, వాటి పక్కనే పడుకున్నాం. నీళ్లు తీశాక బురద ఎత్తిపోసి, చేతులు పగిలిపోయి, కాలేజీకి తిరిగొచ్చాను.

నోటీసు బోర్డు మీద నా పేరుంది. "హాజరు చాలనందున పై విద్యార్థినిని జాబితా నుంచి తొలగించడమైనది." కింద సంతకం లేదు. 'యాజమాన్యం' అని ముద్ర మాత్రం ఉంది. మిగతా క్లాసుల్లో ఎలాగో గట్టెక్కాను గానీ ప్రొఫె ఒకారిస్ క్లాసులో పదకొండు రోజులు తక్కువయ్యాయి.

ఏడుస్తూ ఆయన గదికి పరిగెత్తాను.

"ప్రొఫె, నన్ను తీసేశారు!"

"ఎవరు?"

"యూనివర్సిటీ వాళ్లు."

చెవులు ఎర్రబడ్డాయి. "వాళ్లంటే ఎవరు? గోడలా? కిటికీలా? మూడేళ్లుగా నేను గొంతు చించుకున్నది గాలికా? పో! నిన్ను తీసేసిన మనిషి పేరు తీసుకురా. పేరు లేకుండా ఈ గడప తొక్కకు!"

తలుపు నా ముఖం మీదే పడింది. జన్మలో ఎవరి మీదా నాకంత కోపం రాలేదు. ఇల్లు మునిగి వచ్చిన పిల్లకి మంచినీళ్లు ఇవ్వాల్సింది పోయి వ్యాకరణం చెబుతాడా ఈయన! ఆ కోపంతోనే హాజరు విభాగానికి వెళ్లాను. అక్కడ కిటికీ వెనక గుమాస్తా న్యా ఫిదేలినా కూర్చుని ఉంది. న్యా అంటే మా దగ్గర అమ్మగారు అన్నట్టు. ఆ కిటికీ కట్టినప్పటి నుంచీ ఆవిడ అక్కడే ఉందంటారు.

"నాదేం లేదమ్మా. కంప్యూటరు తీసేసింది," అంది.

"కంప్యూటరుకి వేళ్లున్నాయా? మీట నొక్కిందెవరు?"

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని నమ్మడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆవిడ నా వైపు చూసి, నిట్టూర్చి, "నేనే నొక్కాను," అంది. "పై అంతస్తు నుంచి కాగితం వస్తే నొక్కాను. కావాలంటే రాసుకో. ఫిదేలినా ఇన్స్‌ఫ్రాన్."

రాసుకున్నాను. పై అంతస్తులో కార్యదర్శి బసిలిదెస్ గారు.

"నియమం అలా ఉందమ్మాయ్."

"నియమం ఎవరు పెట్టారండీ?"

"అది... పెట్టబడింది."

"ఎవరి చేత?"

"నువ్వు ఒకారిస్ శిష్యురాలివా?" అన్నాడాయన నీరసంగా. లేచి బీరువాలోంచి తీర్మానాల పుస్తకం తీసి నా ముందు పడేశాడు.

రెండేళ్ల కిందటి పేజీ. అంతకుముందు వరదలకీ జబ్బులకీ మినహాయింపు ఉండేదట. దాని మీద ఒక్క వాక్యం: "ఇకపై అన్ని మినహాయింపులు రద్దు చేయడమైనది." కింద మూడు సంతకాలు. ఇద్దరు పెద్దమనుషులవి. వాళ్లిప్పుడు ఇంకా పెద్ద పదవుల్లో ఉన్నారు కాబట్టి పేర్లు చెప్పను. ఈ సంగతి ప్రొఫెకి తెలిస్తే నన్ను చంపేస్తారు. మూడో సంతకం చూసి నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మర్నాడు క్లాసు మధ్యలో తలుపు తోసుకుని వెళ్లాను.

"పేరు తెచ్చావా?"

"తెచ్చాను. మీట నొక్కింది ఫిదేలినా ఇన్స్‌ఫ్రాన్. కాగితం పంపింది బసిలిదెస్ గారు. నియమం మీద సంతకం పెట్టింది..." పేజీ నకలు ఆయన ముందుకి చాపాను. "ఎర్మెనెహిల్దో ఒకారిస్."

ముప్పై తలలు ఆయన వైపు తిరిగాయి. ఆయన నా చేతిలోని నకలు తీసుకున్నారు. కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివారు. చెవులు, ముక్కు, చివరికి బట్టతల కూడా ఎర్రబడింది.

"రద్దు చేయడమైనది," అని పైకి చదివారు. "ఎవడు రాశాడీ చెత్త వాక్యం? ఎవడు సంతకం పెట్టాడు దీని మీద?"

ఆయనే వేదిక దిగి వచ్చి, మొదటి బెంచీ ముందు దోషిలా నిలబడ్డారు.

"నేను పెట్టాను. చదవకుండా పెట్టాను. ఆ రోజు సమావేశం భోజనం వేళ దాటిపోయింది. ఆకలేసింది. ఆకలేసి ఈ పిల్ల చదువు మీద సంతకం పెట్టాను. రాసుకోండి అందరూ!"

రాసుకున్నాం. ఆయన చెప్పింది రాసుకోకుండా ఉండే ధైర్యం మాకెవరికీ లేదు.

ఆ మధ్యాహ్నం ఆయన పై అంతస్తులో అరిచిన అరుపులు కింద చీపాల ఆవిడకి కూడా వినబడ్డాయట. లాభం లేకపోయింది. నియమం మార్చాలంటే సభ కూడాలి, దానికి రెండు నెలలు పడుతుంది. పరీక్ష జాబితా మూడు వారాల్లో మూసేస్తారు. నేను పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

మూడో రోజు పొద్దున్నే ప్రొఫె నా అద్దె గది కిందికి వచ్చి, వీధి వీధంతా లేచేలా పిలిచారు. చేతిలో నియమావళి ఉంది. ముఖం మీద ఎప్పుడూ చూడనిదొకటి కనిపించింది. అది నవ్వు అని తెలుసుకోవడానికి నాకు కాస్త టైం పట్టింది.

"పంతొమ్మిదో పేజీ చూడు! 'ఐదుగురు హాజరైనచో అదనపు తరగతి చెల్లును.' ఎవరు హాజరవ్వాలి? రాయలేదు! కర్త లేడు!" అని ఆ పుస్తకాన్ని ముద్దు పెట్టుకున్నారు. "రేపు ఆరింటికి రా. మిగతా నలుగురిని నేను తెస్తాను."

ఎలా తెచ్చారో ఆ భగవంతుడికే తెలియాలి. మర్నాడు ఆరింటికి మొదటి బెంచీలో న్యా ఫిదేలినా, పక్కన ఆవులిస్తూ బసిలిదెస్ గారు, వెనక చలికోట్లలో ఆ ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. "మీ చేతుల మీదుగా పోయింది, మీ ఒళ్లు వంచే తిరిగి రావాలి," అన్నారట ప్రొఫె వాళ్లతో.

పదకొండు పొద్దుటి క్లాసులు. ఒక్కదానిలోనూ ఆయన గొంతు తగ్గలేదు. పెద్దమనుషుల్లో ఒకాయన కునుకు తీస్తే సుద్దముక్క నేరుగా నుదుటికి తగిలింది. నాలుగో రోజు నదుల మీద ఓడల హక్కుల పాఠం. న్యా ఫిదేలినా చెయ్యెత్తింది. వాళ్ల అన్న ముప్పై ఏళ్లు సరుకు పడవ నడిపాడట. పుస్తకంలో ఉన్నది తప్పని వాదించింది. ఇద్దరూ అరగంట అరుచుకున్నారు.

"పైకి పోనివ్వకుండా పడవలు ఆపేశారు ప్రొఫె!"

"ఎవరు ఆపారు?"

ఆవిడ రేవు పేరు, అధికారి పేరు, అతని మావగారి పేరుతో సహా చెప్పింది. ప్రొఫె సుద్దముక్క కింద పెట్టి కూర్చున్నారు.

ఏడో రోజు క్లాసయ్యాక మెట్ల మీద ఆవిడ నన్ను ఆపింది.

"నీకొకటి చెప్పాలి పిల్లా. ఈయన హాజరు పట్టీ నా దగ్గరికే వస్తుంది. అందరూ రాని వాళ్లకి సున్నా చుట్టి ఊరుకుంటారు. ఈయన పక్కన ఎందుకు రాలేదో రాస్తాడు. నీ పేరు పక్కన పదకొండు రోజులూ రాశాడు. 'పిలార్ దారి మునిగింది. ఫోన్ కలవలేదు.' 'మళ్లీ చేశాను, కలవలేదు.' 'పిలార్ రేడియో వాళ్లని అడిగాను, వాళ్ల పేట వాళ్లు క్షేమమేనట.' ఆ అతిలియో ఉన్నాడే, వాడి పక్కన కిందటేడు ఏం రాశాడో తెలుసా? 'తండ్రికి పని పోయింది. అడిగితే సిగ్గుపడతాడు. నేను అడగను.' కంప్యూటరులో అవన్నీ రాయడానికి గడి లేదమ్మా. అందుకే నేను కొట్టలేదు." తనని తానే సరిదిద్దుకున్నట్టు అంది. "గడి లేదని కాదు. కొట్టాలని నాకు తోచలేదు."

మూడేళ్లుగా పేర్లు పేర్లు అని మా ప్రాణం తీసిన మనిషి మా పేర్లన్నీ ఇలా మోస్తున్నాడని మాకెవరికీ తెలియదు.

పదకొండో రోజు పట్టీ మీద సంతకం చేస్తుంటే కృతజ్ఞతలు చెప్పబోయాను. "నోరు మూసుకుని పరీక్షకి చదువు," అన్నారు, పట్టీ మీంచి తల ఎత్తకుండానే.

చదివాను, పాసయ్యాను. మరుసటి ఏడాది వరదలకి మినహాయింపు తిరిగి వచ్చింది. తీర్మానంలో ప్రతి వాక్యానికీ ఒక మనిషి పేరుంది.

ఆ ఏడాదే మొదటి సంవత్సరం జాబితాలో ఫిదేలినా ఇన్స్‌ఫ్రాన్ అనే పేరు కనిపించింది. వయసు యాభై రెండు. దరఖాస్తు ఇచ్చిందీ ఆవిడే, కిటికీ లోపల కూర్చుని పుచ్చుకున్నదీ ఆవిడే, ముద్ర వేసిందీ ఆవిడే.

ప్రొఫె పోయినేడే పదవీ విరమణ చెయ్యాల్సింది. "ఆవిడ పట్టా పుచ్చుకునేదాకా నేను కదలను, ఎవరు కదుపుతారో పేరు చెప్పండి," అని సభలో బల్ల గుద్దారట. న్యా ఫిదేలినా ఇప్పుడు చివరి ఏడాదిలో ఉంది. క్లాసులో అందరికంటే ముందు ఆవిడే. కిందటి నెల నదుల పేపరులో మాత్రం తప్పింది. మళ్లీ ఏడాది చదవాలి.

కావాలనే తప్పిందని మా అందరికీ అనుమానం.