కవళ్ల బక్కెట్లో మంచినీళ్లు

ఒమాన్‌లో మా కాపురం వారానికి మూడు గంటలు. శుక్రవారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, అంతే. నేను అజైబాలో ఒక ఒమానీ మేడమ్ ఇంట్లో వంటపని చేస్తూ అక్కడే ఉంటాను. నా మొగుడు మా అమ్మకి ఆఖరి తమ్ముడు, నాకు మేనమామ. ఘాలాలో కంపెనీ రూమ్‌లో ఇంకో ఏడుగురితో ఉండేవాడు. ఆ రూమ్‌కి నేను వెళ్లకూడదు, మేడమ్ ఇంటికి ఆయన రాకూడదు. ఇక మాకు మిగిలింది సముద్రం ఒడ్డు. జుమ్మా నమాజు నుంచి అందరూ వచ్చేసరికి అన్నం, మాంసం సిద్ధంగా ఉండాలి కాబట్టి తొమ్మిదికల్లా నేను మళ్లీ వంటింట్లో పడాలి.

ఆ మూడు గంటల్లో ఏ మొగుడైనా పెళ్లాంతో నాలుగు మాటలు మాట్లాడతాడు. మా మావ గాలం వేసేవాడు. "నీకు పెళ్లాం కావాలా, వంజరం కావాలా?" అని ఒకసారి నిలదీశాను. "రెండూ ఒకే కాడ దొరుకుతుంటే తగువెందుకే?" అన్నాడు. ఒట్టి మాటకారి. నాకు నవ్వొచ్చేది, కోపం ఎగిరిపోయేది.

ఒడ్డున వల లాగే ఒమానీ వాళ్లని బతిమాలి, ఎరకని బతికున్న కవళ్లు, జానెడైనా ఉండని చిన్న చేపలు, ఓ పది పన్నెండు తెచ్చుకునేవాడు. ఇక్కడ వాటిని ఊమా అంటారు. సముద్రం నీళ్లు పట్టిన బక్కెట్లో వేసుకుని రాళ్ల కట్ట మీదికి మోసుకొచ్చేవాడు. వెన్నుకి తగలకుండా వీపు తోలుకి మాత్రం గాలం గుచ్చి, పైన బెండు కట్టి వదిలేవాడు. చచ్చిన ఎర వైపు పెద్ద వంజరం కన్నెత్తి కూడా చూడదట. "అది ఈదాల, బయపడాల. బయపడ్డదాన్నే పెద్దది పసిగడద్ది" అనేవాడు.

మా ఇద్దరికీ తెగని తగువొకటి ఉండేది. వంజరం ఒంటరిగా వేటాడుతుందా, గుంపుగానా అని. ఒంటరిదేనని ఆయన పట్టు. "కొర్రమీను సూళ్లేదా? ఒక్కటే నక్కి ఉంటది, ఒక్కటే కొడద్ది." మేమిద్దరం పశ్చిమగోదావరిలో చేపల చెరువుల గట్ల మీద పెరిగినవాళ్లం. ఆయన చెరువు కాపలా చేశాడు, మా నాన్న మేత చల్లేవాడు. నేనూరుకుంటానా? "కొర్రమీను పిల్లల్ని ఆలూమగలిద్దరూ కాయవా? మరి వేటకి మాత్రం విడిగా ఎందుకెళతాయి?" అనేదాన్ని. "కాపలా వేరే, ఏట వేరే" అనేవాడు. ఒక్కోసారి వంజరం తరుముతుంటే నీళ్లలో మూడు చోట్ల ఒకేసారి కవళ్లు పైకెగిరేవి. "ఒక్క నోరు మూడు చోట్ల ఎలా ఉంటుంది మావా?" అంటే, "అది స్పీడుగా తిరుగుతాదే" అనేవాడు. మొండిఘటం! ఆ తగువే మా కబుర్లు, ఆ తగువే మా సంసారం.

కిందటి వేసవిలో ఒక శుక్రవారం, ఆరున్నరకే రాళ్లు కాలిపోతున్నాయి. మావ చివరి రాయి మీద తాడు విప్పుకుంటున్నాడు, బక్కెట్టు నా దగ్గరుంది. కవళ్లు గాలి చాలక నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మా చెరువుల్లో అలా జరిగితే చేప తేలింది అంటారు. చేప తేలిందంటే గట్టు మీద ఎవరున్నా సరే, పరుగెత్తి తూము తీసి కొత్త నీళ్లు పెట్టాల్సిందే. నా చేతులకి తెలిసింది అదే. నేను తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ల క్యాను చల్లగా ఉంది కదా అని బక్కెట్లో సగం మంచినీళ్లు పోసేశాను. పాపం, కాసేపు హాయిగా ఉంటాయనుకున్నాను. కాసేపటికి అన్నీ చచ్చి వెల్లకిలా తేలాయి.

సరిగ్గా అప్పుడే ఎదురుగా సముద్రం కుతకుతలాడింది. పెద్ద వంజరాలు వచ్చాయి. మావ పరుగెత్తుకొచ్చి బక్కెట్లో చెయ్యి పెట్టాడు. పక్కన ఆయన రూమ్ వాళ్లు ఇద్దరు కూడా గాలాలు వేస్తున్నారు.

"ఉప్పునీళ్ల సేపకి మంచినీళ్లు పోత్తావా? నీకు బుర్రుందటే?" అని అందరి ముందూ అరిచాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. "చేప తేలితే నీళ్లు పెట్టమని నేర్పింది నువ్వే!" అన్నాను. నేను బక్కెట్టు అక్కడే తన్నేసి, ఏడింటికే వచ్చేశాను. రెండు గంటలు చేతులారా పారేసుకున్నాను.

వారమంతా కోపం దిగలేదు. ఆయన ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడాను. మళ్లీ శుక్రవారం వచ్చింది. మేడమ్ మామూలుగానే తలుపు తీసి, "వెళ్లు" అంది. నేను చెప్పులేసుకుని, మళ్లీ విప్పేశాను. "మేడమ్ పంపడం లేదు" అని మెసేజ్ పెట్టాను. బతిమాలనీ, బుద్ధి రానీ అనుకున్నాను. ఎనిమిదిన్నరకి ఆయన దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. పంతంకొద్దీ వినలేదు. శనివారం కూడా వినలేదు.

ఆదివారం పదకొండింటికి ఆయన రూమ్ అతను, నిజామాబాద్ వైపు మనిషి, ఫోన్ చేశాడు. "అక్కా, జర మనసు గట్టిగ చేస్కో. అన్న సైట్ల చాయ్ తాగుకుంట పడిపోయిండు. ఆస్పత్రికి తీస్కపోయినం. ఇగ లేడక్కా."

నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. కత్తి ఎక్కడ పెట్టానో గుర్తులేదు. వంటింటి నేల మీద కూర్చుని ఆ వాయిస్ మెసేజ్ పెట్టుకున్నాను. వెనకాల గాలి హోరు, అలల చప్పుడు.

"ఒసేయ్, పడిందే! మూడు కిలోలుంటది. లాగుతుంటే పక్కనే ఇంకోటి రాళ్ల దాకా ఎంటే వచ్చింది. దీన్ని పైకి తీసేసినా ఎల్లట్లేదు, అక్కడక్కడే తిరుగుతా ఉంది. నువ్వన్నదే నిజమేమో. ఇయ్యాల నువ్వుంటే నన్ను ఎంత ఏడిపిద్దువో! మొన్న అందర్లో అరిసేశాను, మనసులో పెట్టుకోకే. నేనైనా ఆ నీళ్లే పోసుండేవోణ్ణి. మేడమ్ పంపకపోతే నువ్వు మాత్రం ఏం సేత్తావులే. పైశుక్రారం వద్దువుగాని."

మెసేజ్ అయిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే మాట. మేడమ్ పంపకపోతే నువ్వు మాత్రం ఏం సేత్తావులే.

శవాన్ని ఊరికి తీసుకెళ్లాను. కర్మలన్నీ అయ్యాక, కాంట్రాక్టు మిగిలుందని తిరిగొచ్చాను. శుక్రవారం పొద్దున మేడమ్ ఇప్పటికీ తలుపు తీస్తుంది. నేను వెళ్లి రాళ్ల మీద కూర్చుంటాను. గాలం వెయ్యను. కవళ్లు ఒక్కోసారి రెండు చోట్ల ఎగురుతాయి, ఒక్కోసారి ఒక చోటే. వంజరాలు గుంపుగా వేటాడతాయో లేదో నాకిప్పటికీ తెలీదు, ఆ తగువులో గెలవాలనీ లేదు. ఫోన్ చెవికి పెట్టుకుని ఆ మెసేజ్ చివరిదాకా వింటాను. విని, బయటికే చెబుతాను.

"మేడమ్ పంపింది మావా. నేనే రాలేదు."