కొత్త పవర్ సప్లై, అన్నయ్య బ్యాటు

నా కంప్యూటర్‌కి ఒక పక్క గాజు పలక ఉండేది. లోపల ఫ్యాన్లు రంగుల వెలుగులో తిరుగుతుంటే ముచ్చటేసేది. ఆ పలకను మా అన్నయ్య క్రికెట్ బ్యాటుతో పగలగొట్టాడు. దానికంటే ముందు నా చెంప పగలగొట్టాడు.

ఆ రోజు జరిగిందల్లా ఇంతే. కంప్యూటర్ కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పవర్ సప్లై, అంటే లోపలికి కరెంటు అందించే డబ్బా, నేను మంచి ఆట మధ్యలో ఉండగా ఢామ్మని పేలింది. పొగ, కాలిన వాసన. ఇంట్లో ఫ్యూజు పోయింది. హాల్లో వాడు చూస్తున్న మ్యాచ్ ఆగిపోయింది. ఇంకేముంది, ఊగిపోతూ వచ్చి నా గది తలుపు వెనకుండే బ్యాటు తీశాడు.

"పెళ్లీడుకొచ్చిన దానివి, తుపాకులాటలేంటే నీకు? ఇంకోసారి ఇది పేలిందంటే డాబా మీంచి విసిరేస్తా. నిన్ను కూడా!"

అమ్మ వచ్చి గాజు ముక్కలు ఊడ్చింది. "వాడి కోపం తెలుసుగా తల్లీ, నువ్వే సర్దుకోవాలి" అంది. చిన్నప్పటి నుంచీ ఇదే పాట. నా ఒళ్లు మండిపోయింది. చెంపకు తడిగుడ్డ పెట్టుకున్నాను.

నేను తిరువూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆ కంప్యూటర్ నా జీతంతో కొన్నది. ఆదివారం సాయంత్రాలు వేరే ఊళ్లలో ఉన్న అమ్మాయిలతో జట్టుగా ఆడేదాన్ని. నా గొంతు వినబడగానే వాళ్లు కదిలేవాళ్లు. ఆగమంటే ఆగేవాళ్లు. ఈ ఇంట్లో ఆగమంటే ఆగినవాడు ఎవడున్నాడు? ఆ పెట్టె పోతే నాకు మిగిలేది వంటిల్లే. కాబట్టి కొత్త పవర్ సప్లై అంటూ పెడితే అది పేలకూడదు, ఫ్యూజు పోకూడదు, వాడికి సాకు దొరక్కూడదు.

మరుసటి శనివారం స్కూలుకి సెలవు చెప్పి విజయవాడ బస్సెక్కాను. షాపతను ముందు నా గ్రాఫిక్స్ కార్డు ఏదో అడిగాడు. తర్వాత రెండు పవర్ సప్లైలు తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టాడు. రెంటి మీదా ఒకటే వాట్లు రాసి ఉన్నాయి. ఒకటి అట్టపెట్టెలా తేలిగ్గా ఉంది, రెండోది చెయ్యి కిందికి లాగేస్తోంది.

"స్టిక్కరు ఎవడైనా అంటిస్తాడు మేడమ్. లోపల సరుకుంటేనే బరువు. మీ వైపు ఓల్టేజీ ఎలా ఉంటుంది?"

"ఎలా ఉండడమేంటండీ, పొలం మోటార్లు వేస్తే ట్యూబులైటు కూడా వెలగదు."

"అయితే ఈ బరువుదే తీసుకోండి. తక్కువ ఓల్టేజీ తట్టుకుంటుంది. కానీ ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చకండి. ఎర్త్ ఉన్న గోడ ప్లగ్గులోనే పెట్టండి. ఎర్త్ లేకపోతే ఎంత మంచిది కొన్నా దండగే."

సాయంత్రానికి ఇంటికొచ్చి తలుపేసుకుని కూర్చున్నాను. పాతదాని వైర్లు ఒక్కోటీ పీకుతుంటే వాడి పీక నులుముతున్నట్టే ఉంది. అబద్ధం ఎందుకు, హాయిగా ఉంది. కొత్తదాన్ని ఫ్యాను కిందికి ఉండేలా తోసి, నాలుగు మూలలా మరలు బిగించాను. మదర్‌బోర్డుకి వెళ్లే లావు వైరు ఎంత నొక్కినా దిగదే! బొటనవేళ్లు తెల్లబడేదాకా నొక్కితే టక్కుమని కూర్చుంది. రేకు అంచు తగిలి వేలు తెగింది, మరల మీద రక్తం. తుడవలేదు. గోడ ప్లగ్గులో గుచ్చి బటన్ నొక్కగానే ఫ్యాన్లు చప్పుడు లేకుండా తిరిగాయి. ఏడుపొచ్చింది.

కాసేపటికి పెరట్లో బోరు మోటారు వేశాడు అన్నయ్య. అప్పుడే నా మోచెయ్యి కేబినెట్‌కి తగిలింది. ఎగిరిపడ్డాను. జిల్లుమనడం కాదు, ఎవరో ఈడ్చి తన్నినట్టు. మోటారు ఆపాక భయంభయంగా చెయ్యి తిప్పి వేలి వెనకవైపుతో తాకాను. ఏమీ లేదు.

నాకు అర్థమైంది. మొన్నటి ఈదురుగాలికి మోటారు న్యూట్రల్ వైరు, కరెంటు తిరిగి వెళ్లేది, తెగింది. లైన్‌మన్ ఇదిగో అదిగో అంటున్నాడు. మా వీధిలో అందరూ చేసే పనే మా వాడూ చేశాడు, న్యూట్రల్ బదులు ఇంటి ఎర్త్ వైరుకి మోటారు తగిలించాడు. వర్షాల్లో చెల్లుతుంది. ఈ ఏప్రిల్ నెలలో ఎర్త్ గొయ్యి ఎండి బీటలిచ్చి ఉంది. ఇక కరెంటు భూమిలోకి పోలేక, ఎర్త్ వైరు పట్టుకుని ఇంట్లోకే వస్తోంది. ఇన్నాళ్లూ నా పెట్టె ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉంది గనక తెలియలేదు.

వెళ్లి చెప్పాను. "అన్నయ్యా, మోటారు ఎర్త్ నుంచి తీసెయ్. ప్రాణాలు పోతాయి."

"నాకు కరెంటు నేర్పుతావటే?" అని చెయ్యి మెలితిప్పాడు. "ఊరంతా చచ్చిందా మరి? నీ డబ్బా పాడై ఉంటుంది!"

ఆ రాత్రి రబ్బరు చెప్పులేసుకుని పెట్టె ముందు కూర్చున్నాను. ఇంట్లో చెప్పులేంటని అమ్మ గొణిగింది.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి నేను పెట్టె ముందు కూర్చున్నాను. వాడు మోటారు వేసి, కుళాయి కింద కాళ్లు కడుక్కుని తడికాళ్లతో నా గదిలోకొచ్చాడు.

"మళ్లీ మొదలెట్టావా?"

"ముట్టుకోకు! షాక్ కొడుతుంది! చెబుతున్నాగా!"

"షాకా? ఇప్పుడు చూడు."

వాడు పగలగొట్టిన పలక చోటు నుంచి రెండు చేతులూ లోపలికి పెట్టి, ఇనప చట్రం పట్టుకుని ఎత్తబోయాడు. ఎత్తలేదు. నోరు తెరుచుకుంది, అరుపు రాలేదు. మెడనరాలు తాళ్లలా లేచాయి. వేళ్లు చట్రాన్ని బిగించేశాయి, ఒళ్లంతా వణుకుతోంది. ప్లగ్గు వాడి వెనక ఉంది. స్విచ్చు కట్టేసినా ఎర్త్ వైరులో వచ్చేది ఆగదు. మోటారు పెరట్లో ఉంది.

తలుపు వెనక బ్యాటు ఉంది.

రెండు చేతులతో ఎత్తి వాడి ముంజేతుల మీద కొట్టాను. ఎముక చప్పుడు విన్నాను. చేతులు ఊడి వాడు వెల్లకిలా పడ్డాడు. ఊపిరి తీసుకున్నాడు, దగ్గాడు, నన్ను చూశాడు. బతికాడు.

అప్పుడు ఇంకొకటి కొట్టాను. భుజం మీద. నా బలమంతా పెట్టి.

"ప్రభువా!" అంటూ అమ్మ పరుగెత్తుకొచ్చింది. వాడు కింద, బ్యాటు నా చేతిలో. ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టిన డాక్టరు, చెక్కతో కొట్టి మంచి పని చేశానని మెచ్చుకున్నాడు. చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేశారు. అన్నను కాపాడుకున్న చెల్లెలట.

కట్టుతో ఇంటికొచ్చిన రోజు వాడు నా గది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"మోటారు వైరు తీయించేశాను" అన్నాడు. కట్టు సర్దుకుని, "మొదటి దెబ్బకే చేతులు ఊడిపోయాయి కదే. రెండోది ఎందుకు కొట్టావ్?"

నేను తల తిప్పి వాడి కళ్లలోకి చూశాను. "నీకు తెలీదా?"

వాడు బ్యాటు వైపు చూశాడు. అది ఇప్పుడు నా టేబుల్ పక్కన ఉంది. అడగలేదు, తీసుకెళ్లలేదు. తలుపు మెల్లగా దగ్గరికేసి వెళ్లిపోయాడు.